ఎండల ఉపాధి పని ఫొటోలకు 20 వేలల ఏ ఫోన్ తీస్కోవాలె? అందరు స్కోరు చూడుమంటున్నరు

తాడ్వాయి ఫీల్డ్

అందరికి నమస్తే. నేను ములుగు జిల్లా తాడ్వాయి మండలంల ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్‌ను. గీ 2024 దీపావళి ఆఫర్లల ఒక ఫోన్ కొనాలె అనుకుంటున్న. 20 వేలు దాటొద్దు, అది సుత వాయిదాల మీదనే.

ముందు నా పని ఏందో చెప్త. ఎండకాలం పొద్దుగాల ఆరు, ఆరున్నరకే పని జాగకు పోవాలె. కూలీలందరిని నిలబెట్టి ఎన్ఎంఎంఎస్ యాప్‌ల హాజరు ఏసి ఫొటో తీయాలె. నాలుగు గంటలు దాటినంక ఇంకో ఫొటో. టైము, లొకేషన్ ఫొటో మీద దానంతట అదే పడ్తది. రెండో ఫొటో యాళ్లకు ఎండ మాడు పగులగొడ్తది. మొన్న ఎండకాలం చెరువు పూడికతీత కాడ సరిగ్గ గా టైముకే నా ఫోన్ ‘వేడి ఎక్కువైంది, కెమెరా మూసేస్తున్నం’ అని చూపెట్టి బంద్ అయ్యేది. చెట్టు నీడకు పోయి, తడి తువ్వాల చుట్టి, చల్లగైనంక మల్ల తెరిచేది. కూలీలు తట్టలు పక్కకు పెట్టి ఎదురుచూసుడు. ఒక ముసలవ్వ అయితే రోజు అడుగుతుండె, “బిడ్డా, నీ ఫోన్ సల్లవడ్తనే నాకు కూలి పడ్తదా” అని.

ఇప్పుడున్న ఫోన్ 4 జీబీ ర్యామ్, 64 జీబీ మెమరీ. లొకేషన్ ఆన్ చేసి కెమెరా తెరిస్తే చాలు, వెనుకున్న వాట్సాప్ పోతది. వాట్సాప్ తెరిస్తే యాప్ మొదటికొస్తది.

నాలుగు ఫోన్లు చూసి పెట్టుకున్న: ఐకూ జెడ్9, సామ్‌సంగ్ గెలాక్సీ ఎం35, వన్‌ప్లస్ నార్డ్ సీఈ4 లైట్, సీఎంఎఫ్ ఫోన్ 1. మా తమ్ముడు అన్‌టుటు (ఫోన్ స్పీడ్ కొలిచి అంకె ఇచ్చే యాప్) స్కోర్లు చూపెట్టి ఐకూ తప్ప వేరేది ముట్టుకోవద్దు అంటున్నడు. హన్మకొండ చౌరస్తా కాడ షాపాయన వన్‌ప్లస్ అంటున్నడు, చార్జింగ్ మస్తు స్పీడ్ అట. నేను గేములు ఆడ. ఫోన్‌పే, వాట్సాప్, పని యాప్, రాత్రి పూట యూట్యూబ్. గీ స్కోరు నా పనికి ఏమన్న అక్కరకొస్తదా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

కాజీపేట హాస్టల్

అక్కా, మీ తమ్ముడు చెప్పింది సగం కరెక్టే. సగం ఎందుకంటే, ఆ స్కోరు దేంతో వస్తుందో చూడకుండా మొత్తం అంకె చూస్తే లాభం లేదు.

ఐకూ జెడ్9లో ఉన్నది డైమెన్సిటీ 7200 చిప్. ఇందులో పెద్ద కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే భాగాలు) రెండే, కానీ అవి కొత్త తరం ఏ715, 2.8 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. మిగతా ఆరు చిన్న కోర్లు. సీఎంఎఫ్‌లో డైమెన్సిటీ 7300, దాంట్లో ఏ78 రకం పెద్ద కోర్లు నాలుగు, 2.5 గిగాహెర్ట్జ్. ఎం35లో ఎక్సినోస్ 1380, అందులోనూ అవే ఏ78 కోర్లు నాలుగు, 2.4 మీద. ఇది 5 నానోమీటర్ల చిప్, ఆ రెండూ 4 నానోమీటర్లవి (ఈ అంకె తగ్గితే మామూలుగా కరెంటు తక్కువ తాగుతుంది). వన్‌ప్లస్ సీఈ4 లైట్‌లో స్నాప్‌డ్రాగన్ 695. ఇది 2021 అక్టోబరులో ప్రకటించిన చిప్. ఏ78 కోర్లు రెండే ఉంటాయి, 2.2 మీద. 4కే వీడియో కూడా తీయలేదు. 2024లో 19,999 పెట్టి ఆ చిప్ కొనడం అంటే నాకైతే మనసొప్పదు.

అన్‌టుటు పదో వెర్షన్ మీద జెడ్9కు ఏడు లక్షల చిల్లర వస్తుంది, సీఎంఎఫ్ దాని కింద, ఎం35 ఆరు లక్షలకు అటూ ఇటూ, సీఈ4 లైట్ నాలుగున్నర లక్షల దగ్గర. తొమ్మిదో వెర్షన్ అంకెలు పట్టుకొచ్చి పదో వెర్షన్‌తో పోల్చే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు, వాటిని నమ్మొద్దు. ఆ మొత్తం స్కోరులో పెద్ద వాటా గ్రాఫిక్స్‌ది, అంటే గేములు ఆడేవాళ్లకు. మీరు ఆడరు కాబట్టి ఆ వాటా మీకు దండగ. యాప్ గబుక్కున తెరుచుకోవడానికి ఒక్క పెద్ద కోర్ ఎంత వేగంగా నడుస్తుందన్నది ముఖ్యం. దానికి గీక్‌బెంచ్ అనే ఇంకో స్కోరు యాప్‌లో సింగిల్ కోర్ అంకె చూడండి.

అయినా నా ఓటు జెడ్9కే. 8 జీబీ ర్యామ్, 44 వాట్ల చార్జర్ డబ్బాలోనే వస్తుంది, కెమెరాకు ఓఐఎస్ (చేయి వణికినా ఫొటో చెదరకుండా చూసేది) ఉంది, నీటి తుంపరలకు ఐపీ54 ఉంది.

బోర్డు మెకానిక్ హన్మకొండ

తమ్మీ మంచిగ చెప్పిండు, చదువుకున్నోడు. కానీ చెల్లె అడిగింది ఎండల పని గురించి. హాస్టల్ ఫ్యాన్ కింద కొట్టిన స్కోరు పూడికతీత కాడికి రాదు.

నేను నయీంనగర్ దిక్కు ఫోన్లు రిపేర్ చేస్త. బోర్డు పని, కాంబోలు (డిస్‌ప్లే, టచ్ కలిసున్న తెర), బ్యాటరీలు అన్ని నేనే. ఏప్రిల్ వచ్చిందంటే నా టేబుల్ మీద ఉబ్బిన బ్యాటరీలే. వెనుక మూత లేచి, డిస్‌ప్లే అంచు ఫ్రేమ్ నుంచి ఊడి పైకి ఉంటది. ఒక దిక్కు గోరు పెడితే చాలు, హీట్ గన్ అక్కర్లేకుండ ఫోన్ తెరుచుకుంటది. డెలివరీ పిల్లలయి, బైక్ మీద తిరిగెటోళ్లయి, మీ అసొంటి ఫీల్డ్ పనోళ్లయే ఎక్కువ. ఐఫోన్ కంపెనీయే తన ఫోన్లు 0 నుంచి 35 డిగ్రీల నడుమ వాడుమని రాసి పెట్టింది. మన దిక్కు మే నెలల పొద్దుగాల తొమ్మిదికే 35 దాటుతది కదా.

ఫోన్ వేడెక్కితే చిప్ తన స్పీడ్ తనే తగ్గించుకుంటది. 2.8 ఉన్నదాన్ని కిందికి దింపుతది, ఇంకా వేడైతే తెర వెలుతురు తగ్గిస్తది, ఆఖరికి కెమెరా మూస్తది. మీకు అయింది గదే. ఏడు లక్షల స్కోరు ఫోన్ అయినా, నాలుగున్నర లక్షలది అయినా, 43 డిగ్రీలల అరగంట నిలబడ్డంక రెండు దగ్గరికొస్తయి. తమ్మీ, నీకు తెలిసే ఉంటది, 2022 మార్చిల గీక్‌బెంచోళ్లు సామ్‌సంగ్ ఎస్22 ఫోన్లను లిస్టు నుంచే తీసేసిండ్రు. గేములు గిట్ల తెరిస్తే స్పీడ్ తగ్గించుడు, స్కోరు కొట్టే యాప్ తెరిస్తే తగ్గించకపోవుడు, అందుకు. అంత పెద్ద ఫోన్లకే గట్లుంటే 20 వేల ఫోన్ స్కోరు మీద కొట్లాడుడు ఎందుకు?

ఇగ అసలు ముచ్చట. చెల్లె, మీ ఫోన్ వేడికి ప్రాసెసర్ మీద తప్పు మోపకు. మీ దిక్కు అడవి, టవర్ దూరం. సిగ్నల్ ఒక్క గీత ఉంటే ఫోన్ టవర్‌ను అందుకునేటందుకు జోరుగ కరెంటు తాగుతది, గా వేడి లోపలనే ఉంటది. దాని మీద లొకేషన్ ఆన్, కెమెరా ఆన్, ఎండల కనపడాలని వెలుతురు ఫుల్లు. పైన మందం కవరు. అన్ని ఒక్కసారే. గట్ల వాడితే లక్ష రూపాయల ఫోన్ సుత కాలుతది.

గందుకు ముందు గివి చేసి చూడు. సిమ్ సెట్టింగ్‌ల 5జీ తీసేసి 4జీ పెట్టు, లేకపోతే రెండింటి నడుమ దేవులాడుకుంట ఉంటది. మొదటి ఫొటో నెట్‌వర్క్ లేకున్న తీసి, తర్వాత ఎక్కియొచ్చు అని మీ యాప్‌లనే ఉన్నదట కదా, అట్ల తీసి రోడ్డు మీదికొచ్చినంక ఎక్కియ్యి. ఫొటో టైముకు కవరు పీకి జేబుల పెట్టు. ఇగ తడి తువ్వాల మాత్రం బంద్ చెయ్యి. వేడి ఫోన్‌కు తడి తగిలితే సిమ్ ట్రే సందుల నుంచి, చార్జింగ్ పిన్ నుంచి తేమ లోపలికి పోతది. గట్ల పచ్చగ తుప్పు పట్టిన పిన్నులు ఎన్ని మార్చిన్నో. కొందరైతే ఐసు డబ్బా మీద పెడ్తరు, అది ఇంకా అన్యాయం.

నాలుగు ఫోన్ల గురించి నా లెక్క ఇట్ల.

వన్‌ప్లస్ సీఈ4 లైట్: తమ్మీకి నచ్చలే, చిప్ పాతదే. కాని గా 695 మెత్తటి చిప్, తక్కువ కరెంటు తాగుతది. ఆ చిప్ ఉన్న ఫోన్లు వేడి కంప్లైంటు మీద నా దగ్గరికి తక్కువ వస్తయి. 5,500 బ్యాటరీ, 80 వాట్ల చార్జర్. అది మంచిదే గని, చార్జింగ్ స్పీడ్ ఎక్కువైతే వేడి సుత ఎక్కువే. కరెంటు ఉన్న ఇంట్ల రాత్రి నిదానంగ ఎక్కిచ్చుకునేటోళ్లకు 80 వాట్లు అక్కర లేదు.

సామ్‌సంగ్ ఎం35: 6,000 బ్యాటరీ, రోజంతా లొకేషన్ ఆన్ పెట్టినా సాయంత్రం దాక ఆగుతది. ఆండ్రాయిడ్ నాలుగు కొత్త వెర్షన్లు, ఐదేండ్ల సెక్యూరిటీ ఇస్తమన్నరు. మిగతా మూడింటికి రెండు వెర్షన్లు, మూడేండ్లే. సర్కారు యాప్‌లు, బ్యాంకు యాప్‌లు పాత ఆండ్రాయిడ్ మీద నడువమని మొండికేస్తయి కాబట్టి మీకు గిది స్కోరు కన్న పెద్దది. కాని ఎండల తెర? అక్కడ ఎం35 వెనుకపడ్తది. దానిది 1,000 నిట్స్ (తెర వెలుతురు కొలత). ఐకూ 1,800, సీఎంఎఫ్ 2,000, వన్‌ప్లస్ 2,100 అని రాసుకుంటయి. ఆ పెద్ద అంకెలు తెర మీద చిన్న ముక్క వెలిగినప్పటియే అనుకో, అయినా తేడా కండ్లకు తెలుస్తది.

సీఎంఎఫ్: నాకు ముచ్చటైన ఫోన్, వెనుక మూత నాలుగు స్క్రూలు తిప్పితే వస్తది. బ్యాటరీ మాత్రం మీరు మార్చుకునేటట్టు లేదు, గది వేరే ముచ్చట. ధర తక్కువ, 6 జీబీది 15,999 కు వచ్చింది. కెమెరాకు ఓఐఎస్ లేదు.

ఓఐఎస్ అంటే యాదికొచ్చింది. చెల్లె, మీరు స్కూటీ హ్యాండిల్‌కు ఫోన్ హోల్డర్ పెట్టిచ్చుకున్నరా? ఉంటే తీసేయుండ్రి. ఓఐఎస్ ఉన్న కెమెరా లోపల లెన్స్ చిన్న స్ప్రింగుల మీద ఊగుతది. బండి ఇంజన్ అదురుకు గది పాడైతదని ఐఫోనోళ్లే 2021ల చెప్పిండ్రు. నా దగ్గరికి వచ్చే ‘ఫొటో వణుకుతది, టక్ టక్ సప్పుడు వస్తది’ కేసులల హోల్డర్ లేని బండి చాన తక్కువ.

ఇంకొకటి షాపుల ఎవ్వరు చెప్పరు. కాంబో పగిలితే కంపెనీది ఏసుకుంటే ఆరేడు వేలు అడగొచ్చు. అందరు బయట కాపీ కాంబో ఏసుకుంటరు. గవి అమోలెడ్ కావు, మామూలు ఎల్‌సీడీ. ఐకూ, వన్‌ప్లస్, సీఎంఎఫ్ మూడింటికి వేలిముద్ర తెర కిందనే ఉంటది, కాపీ తెర ఏస్తే గది పనిచేయది. ఎం35 వేలిముద్ర పక్క బటన్‌ల ఉన్నది, తెర ఏదైనా అది నడుస్తది. రాళ్లల మన్నుల తిరిగేటోళ్లకు తెర పగులుడు మామూలే కద.

భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్

మెకానిక్ అన్న చెప్పిన సిగ్నల్ ముచ్చట నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఓసీల (ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిల) డ్యూటీ. గుంతల దిగినంక సిగ్నల్ ఉండదు, జేబుల పెట్టిన ఫోనే ఊకె వేడెక్కేది. ఇప్పుడు డ్యూటీ టైముల ఫ్లైట్ మోడ్‌ల పెడ్తున్న, బ్యాటరీ రెండింతలు వస్తంది.

చెల్లెకు నాది ఒక మాట. దుమ్ములో పని అయితే చార్జింగ్ పిన్‌కు రబ్బరు మూత 20 రూపాయలది దొరుకుతది, ఏసుకో. స్పీకర్ జాలీల దుమ్ము పోతే సూదితోటి పొడువద్దు, మెత్తటి పండ్ల బ్రష్ తోటి రుద్దితే సాలు. నా దగ్గర ఎం సిరీస్ పాతది ఉన్నది, బరువు జాస్తి, కాని ఇంటికొచ్చేసరికి సగం బ్యాటరీ మిగిలే ఉంటది.

కాజీపేట హాస్టల్

అన్నా, వేడి గురించి ఒప్పుకుంటా. కానీ 695కు సర్టిఫికెట్ ఇస్తే ఎట్లా? మూడేళ్ల తర్వాత ఏ యాప్ అయినా ఇంకా బరువెక్కుతుంది. రెండే పెద్ద కోర్లు ఉన్న పాత చిప్ అప్పుడు కింద పడుతుంది. తక్కువ వేడెక్కుతుంది అంటున్నారు, అసలు పని చేసే సత్తా తక్కువ కాబట్టే కదా? పైగా కొత్త 4 నానోమీటర్ల చిప్ అదే పనిని తక్కువ కరెంటుతో ముగిస్తుంది. వాట్సాప్ తెరవడానికి 7300 తన శక్తి కొంచెమే వాడుతుంది, 695 గరిష్ఠంగా ఉరకాల్సి వస్తుంది.

ఎం35 విషయంలో మాత్రం మీ లెక్కకు వస్తున్నా. ఎక్సినోస్ అంటే నాకు ముందు నుంచి చిరాకు, ఆ పేరు వినగానే వేడి గుర్తొస్తుంది. కానీ 1380 పాత ఎక్సినోస్ అంత చెడ్డది కాదు, ఎం35లో వేడి లాగడానికి వేపర్ చాంబర్ కూడా పెట్టారు. ఐదేళ్ల అప్‌డేట్ ముందు నా జెడ్9 వాదన నిలబడదు, అక్క వాడేది గేములకు కాదు కాబట్టి. గేములకైతే ఇప్పటికీ జెడ్9 అనే అంటా.

అక్కా, ఏ ఫోన్ తీసుకున్నా ఒక పని చేయండి. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, పని యాప్ తెరిచి, బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టండి. లేకపోతే బ్యాటరీ మిగుల్చుతున్నామని ఫోన్ దాన్ని వెనకనే చంపేస్తుంది. మీకు యాప్ మొదటికి రావడం 4 జీబీ ర్యామ్ వల్ల మాత్రమే కాకపోవచ్చు. మీ పాత ఫోన్ మీదనే ఇవాళ చేసి చూడండి.

తాడ్వాయి ఫీల్డ్

అందరికి మస్తు థ్యాంక్స్. తమ్మీ చెప్పిన సెట్టింగ్ పెట్టిన, వాట్సాప్ చూసి మల్ల వస్తే యాప్ ఉన్నకాడనే ఉన్నది! ఇన్ని రోజులు ఎవ్వరు చెప్పలే. 5జీ సుత తీసేసిన. మొదటి ఫొటో ఆఫ్‌లైన్‌ల తీసుడు మా దగ్గర ఉన్నది అన్నా, నాకు తెలుసు. నెట్‌వర్క్ దొరికేదాక ఎక్కదేమో అని భయానికి అక్కడనే పట్టుకొని నిలబడేది.

స్కూటీకి హోల్డర్ ఉన్నది. తీసేస్త.

ఇప్పుడు ఎం35 దిక్కే మనసు పోతంది. కాని అన్నా, తెర ఎండల కనపడదంటివి. కూలీల మొఖాలు ఫొటోల పడ్డయా లేదా అని చూసుకోకుంటే మండలాఫీసు నుంచి ఫోన్ వస్తది. అది ఎట్ల? 6 జీబీ సాల్తదా, 8 జీబీ తీస్కోవాల్నా?

బోర్డు మెకానిక్ హన్మకొండ

కనపడదు అనలే చెల్లె, మిగతావాటి కన్న తక్కువ అన్న. నీ పాత ఫోన్ కన్న మంచిగనే ఉంటది. ఆటో బ్రైట్‌నెస్ ఆన్ చేసి పెట్టు, ఎండల నిలబడ్డప్పుడు అది దానంతట అదే ఫుల్లుకు పోతది, చేతితోటి ఫుల్లు పెడితే అంత పైకి పోదు. గా చిన్న ముచ్చట తెలువక సగం మంది తెర బాగలేదంటరు. కవరు నల్లది వద్దు, తెల్లదో, పారదర్శకందో ఏసుకో.

8 జీబీ తీస్కో, ధర తేడా వెయ్యి రెండు వేల లోపుంటే ఆలోచించకు. ఎక్కువ అడిగితే 6 సాలు, నీ పనికి ఆగిపోదు. మెమరీ మాత్రం 128 కు తక్కువ వద్దు, ఊరి గ్రూపు వీడియోలకే 64 నిండుతది.

చార్జర్ డబ్బల రాదు, 25 వాట్లది కంపెనీదే కొను. చౌరస్తా కాడ 250కి దొరికే దాని మీద 25 వాట్లు అని రాసి ఉంటది, లోపల ఏముంటదో విప్పి చూసినోన్ని నేను. బిల్లు నీ పేరు మీదనే తీస్కో, వాయిదాల కాయితం మీద ఐఎంఈఐ నంబరు డబ్బ మీద ఉన్నదే పడ్డదా అని కౌంటర్ కాడనే సరిచూడు. *#06# కొడితే ఫోన్‌ల వస్తది.